టౌన్‌హాలు వెనక కిటికీ

(7వ భాగం)

పోయిన నెలలో ఒక సాయంత్రం క్లాసులయ్యాక స్టాఫ్ రూములో కూర్చుని ఉంటే మా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. పాత టౌన్‌హాలును ఆధునీకరిస్తున్నారట. ముందు వరండాలో నల్ల గ్రానైటు పలక పెడతారట. దాని మీద చెక్కించడానికి హాలు చరిత్ర 200 పదాల్లో రాసివ్వాలట. "మన ఊరి పిల్లవి, తెలుగులో డాక్టరేట్ చేశావు. నువ్వు రాస్తేనే బాగుంటుందమ్మా" అన్నారు ఫోన్ చేసిన పెద్దాయన.

సంతోషపడ్డాను. అబద్ధం ఎందుకు చెప్పాలి? మా పేట నుంచి వెళ్లిన ఆడపిల్ల రాసిన మాటలు ఆ వరండాలో రాతి మీద ఉంటాయంటే ఎవరికైనా సంతోషంగానే ఉంటుంది. ఫోన్ పెట్టేశాక అమ్మమ్మకు చెప్పాను. ఆవిడ ఒక్క మాటే అడిగింది. "ముందు వైపు సంగతి రాస్తావా, వెనక వైపు సంగతి రాస్తావా?"

ఈ భాగమంతా ఆ ప్రశ్న గురించే.

ఊరి పేరు రాయడం లేదు. గుంటూరు వైపు ఒక చిన్న పట్నం అనుకోండి చాలు. హాలు 1930ల నాటిది. ముందు పొడవాటి వరండా, గుండ్రటి స్తంభాలు. మధ్యలో పెద్ద హాలు, దాని చివర వేదిక. ఎడమ పక్క రీడింగ్ రూము, కుడి పక్క పేకాట గది. వెనక టెన్నిస్ కోర్టు. పైన టేకు దూలాల మీద ఇటుకలు పరిచి సున్నంతో బిగించిన మద్రాసు టెర్రస్. స్థలం మున్సిపాలిటీది, కట్టడం చందాలది, పెత్తనం మాత్రం క్లబ్బు వాళ్లది. వరండాలో ఇప్పటికే ఒక పాలరాయి ఉంది. చందాలిచ్చిన వాళ్ల పేర్లు, పేర్ల చివర కులాల తోకలు, ఎవరు ఎన్ని రూపాయలిచ్చారో వరుసగా అందులో ఉంటాయి. చిన్నప్పుడు నేను తెలుగు అంకెలు చదవడం నేర్చుకున్నది ఆ రాయి మీదే.

మా తాత, అంటే మా అమ్మ నాన్న, పన్నెండేళ్లప్పుడు ఆ హాలు వెనక పనికి చేరాడు. పొద్దున్నే కోర్టు ఊడ్చి, నీళ్లు చల్లి, సున్నం గీతలు గీసి, సాయంత్రం వల కట్టాలి. బాబులు ఆడుతుంటే బంతులు ఏరి అందించాలి. బంతి చేతికే అందించేవాడు. దాహమైతే మాత్రం హాలు కుండలో నీళ్లు ముట్టకూడదు, పేటకు వచ్చి తాగి వెళ్లాలి. బంతికి లేని మైల కుండకు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. తాతను అడిగితే నవ్వేవాడు. "బంతి కొట్టేది కదమ్మా, తాగేది కాదుగా" అనేవాడు.

చీకటి పడ్డాక ఆట అయిపోయేది. వల విప్పి మడిచాక తాత ఇంటికి వెళ్లేవాడు కాదు. హాలు వెనక గోడకు ఒక పెద్ద కిటికీ ఉంది, వేదిక పక్కగా. అక్కడ నిలబడేవాడు. తాత ఒక్కడే కాదు, పేటలో కుర్రాళ్లంతా. లోపల రేడియో మోగేది. సంక్రాంతికో శివరాత్రికో నాటకం ఆడేవాళ్లు. కిటికీ వేదికకు పక్కగా ఉండేది కాబట్టి నటుల మొహాలు కనపడవు, వీపులు కనపడతాయి, తెరల వెనక బీడీలు కాల్చే కృష్ణుడు కనపడతాడు. పద్యాలన్నీ వినపడతాయి. తాతకు బడి లేదు. అయినా పడక సీను పద్యాలన్నీ రాగాలతో సహా నోటికొచ్చు. నేను తెలుగు చదవడానికి కారణం ఎవరని అడిగితే యూనివర్సిటీ మాస్టార్ల పేర్లు చెబుతుంటాను. అది సగమే నిజం.

ఇది మా ఒక్క ఊరి కథ అయితే ఇంత రాయక్కర్లేదు. మనవాళ్లకూ ఇలాంటి వినోద మందిరాలకూ ఉన్న సంబంధం మీద మన సాహిత్య చరిత్రలు చాలా తక్కువ మాట్లాడాయి. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1890లో టౌన్‌హాలు కట్టించారని మేము పరీక్షల్లో రాశాం. అదే రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 1921లో 'మాకొద్దీ నల్లదొరతనము' అన్నాడని కూడా రాశాం. ఈ రెండింటికీ మధ్య నడిచిన ముప్పై ఏళ్లలో ఆ ఊరి సభల్లో ఎవరు కుర్చీల్లో కూర్చున్నారు, ఎవరు గోడ బయట నిలబడ్డారు అనే ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు.

జాషువా సంగతి చూడండి. 1915-16 ప్రాంతంలో ఆయన రాజమండ్రిలో సినిమా వాచకుడిగా పనిచేశాడు. అప్పటికి బొమ్మలు మాట్లాడవు. తెర మీద కథ నడుస్తుంటే ఒక మనిషి పక్కన నిలబడి కథనూ సంభాషణలనూ చదువుతూ పోవాలి. ఇరవై ఏళ్ల జాషువా చేసిన పని అది. హాల్లో దీపాలార్పితే ఆ గొంతు ఎవరిదో ఎవరికీ పట్టదు. అదే మనిషి సొంత ఊరు వినుకొండలో కొప్పరపు కవుల అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులం వాణ్ని సభలోకి ఎందుకు రానిచ్చారని గొడవ చేశారు. ఆయన జీవితం గురించి రాసిన వాళ్లంతా ఈ అవమానాన్ని చెబుతారు. సినిమా హాలు సంగతి మాత్రం బతుకుతెరువు కోసం చేసిన చిన్న ఉద్యోగాల జాబితాలో కలిపేస్తారు. నాకు మాత్రం ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవాల్సినవి అనిపిస్తుంది. చీకట్లో గొంతు కావాలి, వెలుతురులో మనిషి వద్దు.

మరో వైపు నుంచి చూస్తే, మన రాజకీయ చరిత్ర మొదలైన చోటు కూడా ఒక వినోద మందిరమే. 1917 నవంబరు 4 నుంచి 6 దాకా బెజవాడలో మూడు రోజులు జరిగిన సభ గురించి మీలో చాలామందికి తెలుసు. గూడూరు రామచంద్రరావు పూనికతో, సుండ్రు వెంకయ్య ఆహ్వాన సంఘం అధ్యక్షుడిగా, హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతలో జరిగింది. పంచమ మహాజన సభ అని పిలిచారు. భాగ్యరెడ్డి వర్మ ఆ పేరునే ఒప్పుకోలేదు. పంచములనే మాట ఏ పురాణంలోనూ లేదని, మనం ఈ నేలకు మొదటి వాళ్లమని వాదించాడు. పంచమ సభగా మొదలైంది ఆది ఆంధ్ర సభగా ముగిసింది. ఐదేళ్లకు, 1922లో, మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ఆంధ్ర అనే పేరును గుర్తించింది.

ఆ సభ జరిగింది మైలవరం రాజా వారి నాటకశాలలో. యడవల్లి సూర్యనారాయణ వంటి నటులతో మైలవరం నాటక సమాజం వెలిగిపోతున్న రోజులవి. రాజులూ రాణులూ తిరిగే వేదిక మీద మూడు రోజుల పాటు మాలలూ మాదిగలూ నిలబడి మాట్లాడారు. దీని మీద ఊరు ఏం చేసిందో కూడా చరిత్రలో ఉంది. సభకు వచ్చినవాళ్లు గుళ్లోకి వస్తారేమోనని కనకదుర్గ గుడి తలుపులు ఆ మూడు రోజులూ మూసేశారు. మనవాళ్లు అడిగింది గుడి కాదు, మాట్లాడుకోవడానికి ఒక హాలు. తలుపులు మూసుకున్నది గుడి. పదేళ్ల తర్వాత 1927 మార్చిలో మహాడ్‌లోనూ ఇదే జరిగింది. చవదార్ చెరువు నీళ్లు తాగి తిరిగివస్తున్న జనం వీరేశ్వర ఆలయంలోకి చొరబడబోతున్నారని పుకారు పుట్టించి కొట్టారు.

ఇంకొక్క విషయం. అదే బెజవాడలో అంతకు మూడున్నరేళ్ల ముందు, 1914 ఏప్రిల్ 10న, అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయాల ప్రతినిధుల సభ జరిగింది. చిలకమర్తి అధ్యక్షుడు. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం అక్కణ్నుంచే మొదలైందని గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కానీ ఒకే ఊళ్లో ఇంత దగ్గర దగ్గరగా జరిగిన రెండు సభల్లో ఒకటి విజ్ఞాన చరిత్ర అయింది, రెండోది కుల చరిత్ర అయింది. విడివిడి పుస్తకాల్లో, విడివిడి సెమినార్లలో.

ఇక చట్టం. విద్యార్థులు ఈ భాగం జాగ్రత్తగా చదవండి, మీకు పనికొస్తుంది.

1924లో మద్రాసు శాసన మండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టాడు. దారులు, బావులు, చెరువులు, ప్రభుత్వ కార్యాలయాలతో పాటు ప్రజలు చేరే స్థలాల్లోకి కూడా ఏ కులం వాళ్లు వెళ్లినా అభ్యంతరం ఉండకూడదన్నది దాని సారం. తీర్మానం నెగ్గింది, ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 1938లో ఎం.సి. రాజా పట్టుదలతో పౌర అనర్హతల తొలగింపు చట్టం వచ్చింది. సాధారణ ప్రజలకు ప్రవేశమున్న లౌకిక సంస్థలన్నీ దాని కిందికి వచ్చాయి. మా తాత బంతులు ఏరడానికి చేరింది కూడా ఆ ఏడాదికి అటూ ఇటూగానే. చట్టం మద్రాసు నుంచి బయల్దేరింది, మా ఊరి కుండ దగ్గరికి మాత్రం రాలేదు.

1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో అప్పటి 9వ అధికరణం, ఇప్పటి 15, చర్చకు వచ్చింది. అంటరానితనాన్ని రద్దు చేసిన అధికరణం ఆమోదం పొందిన రోజు కూడా అదే. దుకాణం అంటే ఏమిటి, ప్రజలు చేరే స్థలమంటే ఏమిటి అని సభ్యులు అడిగారు. దుకాణమనే మాటను లోపలికి అడుగుపెట్టనివ్వడం వరకే కాక సేవ పొందే హక్కు దాకా విశాలంగా తీసుకోవాలని బాబాసాహెబ్ వివరించాడు. శ్మశానాలు కూడా ఇందులోకి వస్తాయా అని ఒకరు అడిగితే, చచ్చాక ఏమవుతుందో తెలుసుకోవాలని ఎవరికి ఉంటుంది లెండి అని చమత్కరించి, ప్రజాధనంతో నడిచేవైతే తప్పకుండా వస్తాయన్నాడు. ఆ చర్చ చదివిన ప్రతిసారీ నాకు మా హాలే గుర్తొస్తుంది. పూర్తిగానో పాక్షికంగానో ప్రభుత్వ ధనంతో నడిచే చోటు, లేదా ప్రజల వాడకానికి అంకితం చేసిన చోటు. 15(2)లో ఉన్న కొలబద్ద ఇదే. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం, తర్వాత పేరు మారి పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది, దీన్నే శిక్షతో సహా చెప్పింది.

మరి ఎలా తప్పించుకున్నారు? బోర్డు మార్చారు. హాలు ప్రజలది, క్లబ్బు సభ్యులది. సొసైటీగా రిజిస్టరు చేసుకుంటే సభ్యుణ్ని చేర్చుకోవాలా వద్దా అనేది కమిటీ ఇష్టం. కులం అనే మాట ఎక్కడా రాయక్కర్లేదు. ఫలానా వాణ్ని మనలో ఎవరూ ప్రతిపాదించలేదు, అంతే. చిన్న పట్నాల్లో ఒకే భవనానికి టౌన్‌హాలు, రిక్రియేషన్ క్లబ్బు అనే రెండు పేర్లు ఎందుకుంటాయో ఇప్పుడు ఆలోచించండి. అవసరాన్ని బట్టి ఏ పేరు ముందుకు రావాలో అది వస్తుంది. మరమ్మతులకు ప్రజాధనం కావాల్సి వస్తే టౌన్‌హాలు, లోపల ఎవరు కూర్చోవాలనే దగ్గరకొస్తే క్లబ్బు.

లోపల మోగిన వాద్యాల గురించి కూడా ఒక మాట. నాటకాల్లో మద్దెల, తబలా లేకుండా తెర లేవదు. ఆ మూతల తోలు ఎవరు తెచ్చారు, ఎవరు గీకి, నానబెట్టి, బిగించారు? మృదంగం తయారుచేసే దళిత కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం తెచ్చాడు. ఆవిష్కరణకు చెన్నైలోని కళాక్షేత్ర తన ఆడిటోరియం ముందు ఇస్తానని, పత్రికలో పుస్తక భాగం అచ్చయ్యాక ఇవ్వనంది. సభ వేరే చోట జరుపుకున్నారు. 1917లో కాదు, 2020లో. మద్దెల లోపలికి వెళ్లొచ్చు, దాన్ని చేసినవాడి కథ వెళ్లకూడదు.

తిరిగి మా ఊరికి వస్తాను. పండక్కి సెలవు పెట్టి హాలు చూడ్డానికి వెళ్లాను. పని జోరుగా నడుస్తోంది. సున్నపు గోడల మీద సిమెంటు పూస్తున్నారు. మేస్త్రీ మా పేటవాడే, నాకు వరసకు తమ్ముడు. "ఇది నిలవదక్కా" అన్నాడు. సున్నంతో కట్టిన గోడ చెమ్మ పీల్చుకుని మళ్లీ వదులుతుంది. మీద సిమెంటు వేస్తే చెమ్మకు దారి ఉండదు, ఉప్పు పొంగి నాలుగు వానలకు పెచ్చులూడుతుంది. గానుగ సున్నం తెప్పించమని చెప్పాడట. ఎస్టిమేట్‌లో లేదన్నారట. సరే, వాడి మాట ఎవరు వింటారు, మేస్త్రీ కదా.

ప్లాను చూపించాడు. ముందు వరండాను 'వారసత్వ భాగం'గా ఉంచుతారు. స్తంభాలకు రంగు, పాలరాయికి పాలిష్. పేకాట గది జిమ్ అవుతుంది. రీడింగ్ రూము రెస్టారెంటుకు అద్దెకిస్తారు. టెన్నిస్ కోర్టులో షటిల్ ఇండోర్ షెడ్డు. సభ్యత్వం ఏడాదికి 10 వేలు అనుకుంటున్నారట. వెనక గోడలో కిటికీ మూసేస్తారు, ఏసీ చల్లదనం పోకుండా.

"ఒకసారి ఇటు రా అక్కా" అని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. దాని కింది బండ నల్ల కడపరాయి. మిగతా కిటికీల కింది బండలు గరుగ్గా, ఉలిచెక్కుళ్లతో అలాగే ఉన్నాయి. ఈ ఒక్కదానికి బయటి అంచు నున్నగా అరిగి, మధ్యలో కొద్దిగా లోతు పడి ఉంది. చెయ్యి పెట్టి చూశాను. మోచేతులు సరిగ్గా అక్కడ ఆనతాయి. "ఎంతమంది ఆనుకుంటే ఇట్టా అరిగిద్దో చూడు" అన్నాడు తమ్ముడు. వాడికి ఆ కిటికీ కథ ఎవరూ చెప్పలేదు. రాయిని చూసి వాడే కనిపెట్టాడు. నేను ఆరేళ్లు పీహెచ్‌డీ చేశాను. అప్పటిదాకా ఆ బండను తడిమి చూడలేదు.

ఆ కిటికీతో నాకూ ఒక జ్ఞాపకం ఉంది. 1998 ఆగస్టు 15. హాల్లో మున్సిపల్ స్కూలు పిల్లలకు పద్యపఠనం పోటీ. నేను ఐదో తరగతి. అమ్మ నన్ను ముందు మెట్ల మీదుగానే తీసుకెళ్లింది. అప్పటికి ఎవరూ ఆపడం లేదు. తాత కూడా మాతో వచ్చాడు, తెల్ల పంచె కట్టుకుని. మెట్ల దగ్గర ఆగిపోయాడు. "మీరు పోండి, నేను అవతల్నుంచి వింటా" అన్నాడు. అమ్మ బతిమాలింది. చెయ్యి పట్టుకు లాగాను. నవ్వి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. వేదిక మీద నిలబడి పద్యం ఎత్తుకున్నప్పుడు పక్క కిటికీలో తాత మొహం కనిపించింది, రెండు మోచేతులూ బండమీద ఆనించి. నేను కుర్చీల వైపు చూడలేదు, కిటికీ వైపు తిరిగి పద్యం చదివాను. సభ వైపు చూడలేదని మార్కులు తగ్గించారు. రెండో బహుమతి వచ్చింది.

చట్టం వచ్చి అప్పటికి 43 ఏళ్లు. తాతను ఆ రోజు ఆపిన మనిషి ఎవరూ లేరు.

పలక మీదికి నేను రాసిచ్చిన 200 పదాల్లో రెండు వాక్యాలు వాళ్లకు నచ్చలేదు. మొదటి దశాబ్దాల్లో ఈ హాలులోకి ఊరి దళితులకు ప్రవేశం ఉండేది కాదు. వారు వెనక కిటికీ దగ్గర నిలబడి రేడియో, నాటకాలు విన్నారు. అంతే. తిట్టు లేదు, ఎవరి పేరూ లేదు. "నెగెటివ్‌గా ఉందమ్మా, పండగ పూట చావు కబురులాగా" అన్నారు. వాటి బదులు వాళ్లే ఒక వాక్యం పెట్టి పంపారు. 'అన్ని వర్గాల ప్రజలకు వినోద, విజ్ఞాన కేంద్రంగా విలసిల్లింది.' విలసిల్లింది! తెలుగు చదివిన దాన్ని కాబట్టి చెబుతున్నాను, మన భాషలో కొన్ని క్రియాపదాలు ఉన్నవే ఇలాంటి పనుల కోసం.

నా పేరు తీసేయమన్నాను. రెండు వాక్యాలూ ఉంటేనే నా పేరు ఉండాలి. ఫోన్ చేసిన పెద్దాయన చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు నాకు పుస్తకాలు ఇచ్చినవాడే. "నువ్వు చెప్పేది నిజమే తల్లీ, కానీ రాతి మీద ఎందుకు?" అన్నాడు. వరండాలో ఉన్న పాలరాయి సంగతి అడిగాను. ఎవరు ఎన్ని రూపాయలిచ్చారో రాతి మీద ఉండొచ్చు, ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఉండకూడదా? ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వేరే విషయం ఎత్తుకున్నాడు.

కిటికీ మూయొద్దనీ, ఆ బండను కదిలించొద్దనీ, ప్రజాధనంతో బాగుచేస్తున్న హాలులో సభ్యత్వ నిబంధనలు బయటపెట్టాలనీ పేట నుంచి అర్జీ పెట్టాం. 61 మంది సంతకాలు, వేలిముద్రలు. జవాబు ఇంకా రాలేదు. రీడింగ్ రూము రెస్టారెంటుకు ఇవ్వొద్దని కూడా అందులో రాశాం. అది మన కుర్రాళ్ల మాట. గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలకు ఊళ్లో కూర్చునే చోటు లేదు, పంచాయతీ అరుగుల మీద చదువుతున్నారు. నిజానికి కిటికీ కన్నా వాళ్లకు అదే ముఖ్యం. వాళ్లను తప్పుపట్టను.

మీ ఊళ్లలో కూడా ఇలాంటి హాలు ఒకటి ఉండే ఉంటుంది. టౌన్‌హాలో, క్లబ్బో, రైల్వే ఇన్‌స్టిట్యూటో. దాని చుట్టూ ఒకసారి తిరిగి రండి. మీ తాతనో అమ్మమ్మనో ఎక్కడ నిలబడేవాళ్లో అడిగి ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. పునాది తేదీలు తర్వాత కనుక్కోవచ్చు. చెప్పేవాళ్లు మళ్లీ దొరకరు.

రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. సోమవారం ఇటుకలు దిగుతాయట. అర్జీ సంగతి తేలేదాకా వెనక గోడ పని చివరికి నెడతానన్నాడు కానీ వాడి చేతిలో ఎన్నాళ్లని ఉంటుంది, కూలి పోతుంది పాపం. నేను ఆదివారం బస్సెక్కుతున్నాను. అమ్మమ్మను ముందు మెట్ల మీదుగా లోపలికి తీసుకెళ్లి, వేదిక దాటించి, ఆ కిటికీని లోపలి వైపు నుంచి చూపించాలి. ఆవిడ ఇంతవరకూ దాన్ని అటువైపు నుంచి చూడలేదు.

జై భీమ్.